నూటికి నూరు

సెల్విన్ హాబ్డేకి అరవై రెండేళ్ళు. బడిలో గానీ బయట గానీ ఏ పరీక్షలోనూ ఎనభై మార్కులు వచ్చిన పాపాన పోలేదు. ఆగస్టు నెల మధ్యలో ఒక మంగళవారం నాడు వచ్చాయి. ఇచ్చింది పోలీసులు.

మా తీరాన బండి వేగం మించి తోలితే జరిమానా ఒక్కటే కాదు, తప్పు మార్కులు కూడా వేస్తారు. రెండేళ్ళలో వంద నిండాయా, మూడు నెలల పాటు లైసెన్సు లాగేసుకుంటారు.

"ఎనభై!" అంది పెళ్ళాం నోలీన్, కాగితం వెలుతురుకి పెట్టి చదివి. "పెళ్ళైన ముప్పై నాలుగేళ్ళలో నిన్ను చూసి ఇంత గర్వపడటం ఇదే మొదటిసారి. ఫ్రేము కట్టించనా?"

"వెటకారం చాలు."

"ఇంకా మొదలుపెట్టలేదు."

సెల్విన్ పనిచేసేది కలప మిల్లులో. మూడింటికి కూత వేస్తారు. మూడు దాటి ఒక్క నిమిషానికి అతని బండి రోడ్డు మీద ఉంటుంది. మామూలు రోజుల్లోనే అంత తొందర. సెప్టెంబరు ఒకటో తారీఖు వస్తే మరి చెప్పక్కర్లేదు.

ఆ రోజు వైట్‌బెయిట్ మొదలవుతుంది. అగ్గిపుల్లంత పొడుగు, గాజుపెంకులా అవతలిది కనిపించే చేపపిల్లలు. పోటుతోపాటు సముద్రంలోంచి ఏట్లోకి ఎక్కుతాయి. అక్టోబరు చివరి దాకా రెండు నెలలు పట్టుకోనిస్తారు. ఆ రెండు నెలలూ మా వాళ్ళకి పెళ్ళి లేదు, పేరంటం లేదు. ఎవరైనా పోయినా సరే, పోటు ఎప్పుడొస్తుందో చూసుకుని పాతిపెడతారు.

ఒడ్డున ఎవడి చోటు వాడికుంటుంది. అది ఎక్కడో పెళ్ళానికి చెప్పరు, పాస్టరుకి చెప్పరు. సెల్విన్‌కి చోటు చూపించింది వాళ్ళ తాత. ముసలాయన పోయేముందు ఇంటి గురించి ఒక్క మాట అనలేదు. "ఆ వంపు దగ్గర నేలమీద ఆనవాలు ఉంచకురా" అని మాత్రం అన్నాడు. ఏ ఏరు, ఏ వంపు అని నన్నడక్కండి. సెల్విన్‌తో ఇంకా మాటలున్నాయి నాకు.

"నాకో ఉపాయం తట్టింది," అంది నోలీన్.

"ఏంటి?"

"నెమ్మదిగా తోలు."

సెల్విన్ చాలాసేపు ఆలోచించాడు. ఇందులో మోసం ఎక్కడుందో దొరకలేదు.

"అది కాకుండా ఇంకేదైనా చెప్పు."

"అయితే ఇంకో ఇరవై తెచ్చుకో. వంద అవుతాయి. లైసెన్సు పోతుంది. సీజనంతా నేనే నిన్ను ఏటికి తీసుకెళ్ళి తీసుకొస్తాను."

సెల్విన్‌కి తాగుతున్న టీ పొలమారింది. దగ్గి దగ్గి కళ్ళు ఎర్రబడ్డాయి. నోలీన్ వీపు మీద రెండు చరిచింది. ఒకటి దగ్గుకి. రెండోది ఊరికే.

నోలీన్‌కి చోటు తెలిసిందంటే ఆమె తమ్ముడు బెవన్‌కి తెలిసినట్టే అని సెల్విన్ నమ్మకం. అక్కాతమ్ముళ్ళు రోజూ ఫోన్లో గంట మాట్లాడుకుంటారు. గంటసేపు మాట్లాడటానికి ఈ ఊళ్ళో విషయాలు ఎక్కడున్నాయి? మొగుడి రహస్యాలు కాకపోతే!

బెవన్ ఇరవై రెండేళ్ళుగా బావగారి చోటు కోసం వెతుకుతున్నాడు. వెనక బండేసుకుని తిరిగాడు. కొండెక్కి దుర్భిణీ పెట్టి చూశాడు. ఒక ఏడు పాల టాంకరు డ్రైవరు పక్కన దాక్కుని మరీ వెంబడించాడు. సెల్విన్ ఊరికే అరవై కిలోమీటర్లు తిరిగి, సంతలో గొర్రెల్ని చూసి ఇంటికొచ్చేశాడు. బెవన్ ఆ ఏడంతా కలిపి ఒక టీకప్పుడు చేపపిల్లలు పట్టాడు. సెల్విన్ ఇంట్లో ఫ్రీజరు మూత పడలేదు. మూత మీద కూర్చుని మూసేవాడు. అంతకు మించిన వైభోగం మా తీరాన లేదు.

అలాంటి చోటు పోవడమా! సెల్విన్ గట్టి నిర్ణయానికి వచ్చాడు. నెమ్మదిగా తోలడం తప్ప ఏదైనా చేస్తాడు.

మర్నాడు వారంటీ క్లారీ దుకాణానికి వెళ్ళాడు. పాత రేడియోలు, కొత్త ఫోన్లు, మధ్యరకం టీవీలు అమ్మే ముసలాయన. అక్కడ వారంటీ ఉన్న వస్తువు ఒక్కటీ లేదు. అందుకని ఆ పేరు.

"క్లారీ, రాడార్ డిటెక్టర్ కావాలి," అన్నాడు సెల్విన్ గొంతు తగ్గించి. ఎదర ఎక్కడైనా పోలీసు రాడార్ ఉంటే ముందుగానే పసిగట్టి కూసే పెట్టె అది. మా దేశంలో బండిలో పెట్టుకోవడం నేరం కాదు. అయినా అడిగేటప్పుడు అందరూ గొంతు తగ్గిస్తారు.

"ఒరే సెల్విన్, ఇది పెళ్ళిసంబంధం లాంటిది. చూడగానే తల ఊపకూడదు. మూడున్నాయి. రోజుకొకటి పట్టుకెళ్ళు. ఏది నచ్చితే అది ఉంచుకో."

"పెళ్ళిసంబంధం నాకు ఒక్కటే చూపించారు."

"అందుకేగా ఇలా వచ్చావు!"

మొదటిది ఇటుకంత ఉంది. గొంతు మాత్రం అంబులెన్సుది. బండి వీధిలోకి వచ్చీరాగానే అందుకుంది. సెల్విన్ బ్రేకు మీద నిలబడ్డాడు. చుట్టూ చూశాడు. పోలీసు లేదు. డాట్ బేకరీ ఉంది. బేకరీకి కొత్తగా పెట్టిన గాజు తలుపు ఉంది. మనిషి కనబడగానే దానంతటదే తెరుచుకునే తలుపు. ఒక ముసలమ్మ లోపలికి వెళ్ళింది, పెట్టె అరిచింది. బయటికి వచ్చింది, మళ్ళీ అరిచింది. గొడుగు మర్చిపోయి మళ్ళీ వెళ్ళింది.

ఊరు దాటాక ఇంకా ఘోరం. వెనకాల పాస్టరుగారి కొత్త కారు వచ్చింది. పక్కన బండి ఉంటే చెప్పే కన్ను ఉందట దానికి. ఆ కన్ను కూడా రాడారే. పెట్టె గుక్కపెట్టి ఏడుస్తోంది. సెల్విన్ ఎనభైకి తగ్గించాడు. ఆగలేదు. యాభై, ముప్పై. పాస్టరుగారు మర్యాదస్థుడు, దాటిపోడు. ఇద్దరూ ఎనిమిది కిలోమీటర్లు శవయాత్రలా వెళ్ళారు. సాయంత్రం పాస్టరుగారు ఫోన్ చేసి, "సెల్విన్, మనసులో ఏదైనా బరువుందా? చెప్పుకుంటే తగ్గుతుంది" అన్నారు.

రెండోది చాలా బుద్ధిమంతురాలు. రోజంతా నోరు విప్పలేదు. బేకరీ తలుపు దగ్గర గప్‌చిప్. పాస్టరుగారి కారు దగ్గర గప్‌చిప్. ఎంత తెలివి, ఏది పోలీసో ఏది తలుపో ఎంత ఇట్టే పోల్చుకుంది అని సెల్విన్ మురిసిపోయాడు. అంతలో వంతెన దగ్గర కానిస్టేబుల్ మేరానియా రాడార్ పట్టుకుని నిలబడి ఉంది. అదృష్టం, ఎదర పాల టాంకరు ఉండబట్టి సెల్విన్ నలభైలో ఉన్నాడు. మేరానియా నవ్వి చెయ్యి ఊపింది. పెట్టె అప్పుడూ నోరు విప్పలేదు.

క్లారీ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. వెనక మూత తీశాడు.

"లోపల ఏమీ లేదురా," అన్నాడు. "ఇది అద్దాల బీరువాలో చూపించడానికి పెట్టేది. ఎలా కలిసిపోయిందో!"

"రోజంతా దీన్ని నమ్ముకుని తిరిగాను!"

"నమ్మకం మంచిదే. ఏం నష్టం జరిగింది?"

మూడోది చూడగానే సెల్విన్‌కి ఇదే తనదనిపించింది. చిన్న తెర ఉంది. ఆడగొంతు ఉంది. కూయదు, మాట్లాడుతుంది. రెండు బొత్తాములు. ఎక్కడైనా కెమెరా కనిపిస్తే ఎర్రది నొక్కాలి. ఈసారి అటు వస్తే ముందే గుర్తుచేస్తుంది. ఊరికే మోగే తలుపులాంటిది తగిలితే ఆకుపచ్చది నొక్కాలి. ఆ చోట ఇంక జన్మలో నోరెత్తదు.

"దీంతో ఒక పుస్తకం ఉందిరా," అన్నాడు క్లారీ. "చదువు. పదకొండో పేజీ అయినా చదువు."

"బండి తోలడం పుస్తకం చదివి నేర్చుకున్నానా?"

"అందుకేగా ఎనభై!"

పెట్టె మొదట పేరు అడిగింది. సెల్విన్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. 'బెయిట్ మహారాజు' అని కొట్టాడు. తన బండి వెనకాల ఎర్రరంగుతో రాయించుకున్న పేరే అది.

ఇంటికి రాగానే పుస్తకాన్ని పొయ్యి పక్కన చితుకుల బుట్టలో పడేశాడు. పెట్టెను అద్దానికి అతికించాడు. నోలీన్ రెండు నిమిషాల్లో కనిపెట్టింది.

"ఏంటది?"

"పోటు పెట్టె. సముద్రం ఎప్పుడు పొంగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో చెబుతుంది."

"ఓహో. వంటింట్లో గోడకున్న పట్టీ చెప్పడం మానేసిందా?"

"ఇది కొత్తరకం."

నోలీన్ బండెక్కి పక్కన కూర్చుంది. "పద. బేకరీ దాకా వెళ్ళొద్దాం. రొట్టె కావాలి."

బేకరీ ముందుకి రాగానే పెట్టె తీయగా అంది: "రాడార్. రాడార్. వేగం తగ్గించండి."

"అబ్బో," అంది నోలీన్. "డాట్ బేకరీలో పోటొచ్చింది! కీమా కూరిన పైలన్నీ కొట్టుకుపోతాయేమో!"

సెల్విన్ మెడ ఎర్రబడింది. ఆకుపచ్చ బొత్తాం నొక్కాడు. పెట్టె నోరు మూసుకుంది.

"సెల్విన్, ఇటు చూడు. మన ఊళ్ళో పోలీసులు ఎంతమంది?"

"ఒక్కతే. మేరానియా."

"మూడు దాటాక ఎక్కడుంటుంది?"

సెల్విన్ స్టీరింగు మీద లేని దుమ్ము తుడిచాడు.

"ఈ బేకరీ వెనక. ఎందుకని? మూడింటికి వేడి పైలు దిగుతాయి. ఇది ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు. దీనికి పెట్టె కావాలా? పెట్టెలో ఇంకో ఆడది కావాలా? నేను చెబితే వినవు గానీ."

"నిన్న వంతెన దగ్గర నిలబడింది తెలుసా!"

"నిన్న బేకరీకి సెలవు."

ఆ సాయంత్రం చితుకుల బుట్టలోంచి పుస్తకం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, నోలీన్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. ఒకచోట ఆగి, అదే మళ్ళీ చదివింది.

"సెల్విన్, పదకొండో పేజీ చదివావా?"

"అక్కర్లేదు."

"చదివితే మంచిది."

"మగాడికి యంత్రం చేతిలో పెడితే చాలు, దానంతటదే అర్థమవుతుంది."

"సరే," అంది నోలీన్. పుస్తకం మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. సెల్విన్‌ని ఆమె రెండుసార్లు హెచ్చరించింది. మూడోసారి చెప్పడం వాళ్ళింటా వంటా లేదు.

పెట్టె బాగుంటే పెట్టుకుని ఊరుకోవచ్చు. సెల్విన్ ఊరుకోలేదు. శుక్రవారం, పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బులో అందరినీ కూర్చోబెట్టి దాని గుణగణాలు వర్ణించాడు. కొండ వెనక పోలీసుని కూడా వాసన పట్టేస్తుందన్నాడు. ఇది లేనివాడు చీకట్లో తోలుతున్నట్టే అన్నాడు. బెవన్ నోరు తెరుచుకుని విన్నాడు.

"బావా, నిజంగా అంత బాగుంటుందా?"

"నీకెందుకురా. నీ బండి డెబ్బై దాటితే తలుపులూడతాయి."

బెవన్‌కి పౌరుషం వచ్చింది. సోమవారం పొద్దున్నే వెళ్ళి అలాంటిదే కొన్నాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. వాణ్ణి చూసి మరొకడు. సెప్టెంబరు వచ్చేసరికి క్లారీ ఇంకో పదకొండు అమ్మాడు. సెల్విన్ కనిపిస్తే లేచి నిలబడి దణ్ణం పెట్టేవాడు. అది గౌరవమని సెల్విన్ అనుకున్నాడు.

సెప్టెంబరు ఒకటి వచ్చింది. మిల్లు కూత కూసింది. సెల్విన్ ఏటి దారి పట్టాడు. పెద్దరోడ్డు దిగి, ముళ్ళపొదల మధ్యనుంచి వెళ్ళే మట్టిబాట ఒకటి ఉంది. అది చోటుకి దారి. బెవన్ కంట పడకూడదని ఆగస్టులోనే సెల్విన్ నరికిన కొమ్మలు, రెల్లు తెచ్చి బాట మొదట్లో అడ్డం పడేశాడు. ఎండిన ఆకు మీద పచ్చి ఆకు, పచ్చి ఆకు మీద ముళ్ళకంప. ఎంత బాగా కప్పాడంటే ఆ రోజు అతనికే కనబడలేదు. దాటిపోయాడు. వెనక్కి తిప్పి మళ్ళీ దాటిపోయాడు. మూడోసారి దిగి నడుచుకుంటూ వెతికాడు. ఈలోగా సగం పోటు అయిపోయింది.

రెండోరోజూ అదే గతి. అప్పుడు అతని బుర్రలో దీపం వెలిగింది. అలాంటి దీపం అతని బుర్రలో వెలగడం అరుదు. వెలిగినప్పుడల్లా ఏదో ఒకటి కాలుతుంది.

బాట ఎదురుగా బండి ఆపి ఎర్ర బొత్తాం నొక్కాడు.

మూడోరోజు బాట ఇంకా దూరముండగానే ఆడగొంతు అంది: "మూడు వందల మీటర్లలో కెమెరా ఉంది. వేగం తగ్గించండి." సెల్విన్ తగ్గించాడు. "కెమెరా వచ్చింది." సరిగ్గా బాట ముందున్నాడు. కొమ్మ ఎత్తి, బండి లోపలికి దించి, మళ్ళీ కొమ్మ కప్పాడు. తనకి దారి తెలుస్తుంది, లోకానికి తెలియదు. తాత బతికుంటే ఈ తెలివి చూసి కన్నీళ్ళు పెట్టుకునేవాడని అనుకున్నాడు.

పెట్టుకునేవాడే.

వారం పది రోజులు రాజభోగం. సెల్విన్ రోజూ బకెట్టు తెచ్చి వంటింట్లో పెట్టేవాడు. నోలీన్ సంచుల్లో కట్టి ఫ్రీజర్లో పెట్టేది. ఒక ఆదివారం మూత పడలేదు. సెల్విన్ దాని మీద కూర్చున్నాడు.

"చూశావా నోలీన్, పది రోజులకే! ఎవరి చెయ్యి ఇది?"

"నీదే," అంది నోలీన్, కిటికీలోంచి బయటికి చూస్తూ. "నీ చెయ్యి పడితే ఇంకేముంది."

ఆ పై శనివారం పోటు మధ్యాహ్నం మూడింటికి. సెల్విన్ రెండింటికే బయల్దేరాడు. ఆడగొంతు "కెమెరా వచ్చింది" అంది. సెల్విన్ ఆపి కొమ్మ కోసం చూశాడు. కొమ్మ లేదు. ముళ్ళకంప లేదు. బాట నున్నగా, పెళ్ళివారింటి వాకిలిలా ఉంది. దాని మీద చక్రాల జాడలు ఉన్నాయి. ఒకటి కాదు.

లోపల పదకొండు బండ్లు ఉన్నాయి. పదకొండు బండ్ల అద్దాలకీ పదకొండు పెట్టెలు ఉన్నాయి. తాత నిలబడిన రాయి మీద బెవన్ నిలబడి ఉన్నాడు. చేతిలో వల ఉంది. పక్కన బకెట్టు నిండి ఉంది.

"రా బావా!" అన్నాడు బెవన్. "నీకోసమే చూస్తున్నాం."

సెల్విన్ నోట్లోంచి మాట రాలేదు. గాలి మాత్రం వచ్చింది.

"రోజూ ఈ దారినే పోతాను కదా," అన్నాడు బెవన్ తీరిగ్గా. "పది రోజులుగా పెట్టె 'కెమెరా ఉంది' అంటోంది. చుట్టూ చూస్తే ముళ్ళకంప తప్ప ఏమీ లేదు. ముళ్ళకంపకి కెమెరా పెట్టేవాడెవడు చెప్పు? దిగి చూశాను. ఒకదాని మీద ఒకటి పేర్చిన కొమ్మలు. దేవుడు కొమ్మల్ని అలా పేర్చడు కదా."

"నా పెట్టెలో నేను పెట్టుకున్న గుర్తు నీకెలా తెలిసింది?" అన్నాడు సెల్విన్. గొంతు కీచుగా వచ్చింది.

పదకొండుమందీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"పదకొండో పేజీ చదవలేదా?" అన్నాడొకడు. "ఒకడు ఎర్ర బొత్తాం నొక్కితే ఆ చోటు అందరి పెట్టెల్లోకీ పోతుంది. అందుకేగా అది అంత గొప్పది. నువ్వే చెప్పావు, గొప్పదని."

"నేనే నొక్కానని ఏమిటి గ్యారంటీ!"

బెవన్ తన బండిలోంచి పెట్టె ఊడదీసి తెచ్చి చూపించాడు. తెర మీద రాసి ఉంది. 'కెమెరా. గుర్తించినవారు: బెయిట్ మహారాజు.'

పదకొండు తలలు తిరిగి సెల్విన్ బండి వెనక ఎర్రరంగు అక్షరాలు చదివాయి.

"మహారాజా," అన్నాడు బెవన్, వలతోనే వంగి సలాము చేస్తూ, "తమరి రాజ్యం చాలా బాగుంది."

సెల్విన్ వల దించలేదు. ఏటివైపు కూడా చూడలేదు. బండెక్కి తిప్పాడు. ఇరవై రెండేళ్ళు దాచాడు. గొర్రెల సంతలు తిరిగాడు. పెళ్ళాన్ని అనుమానించాడు. ఆఖరికి ఊరంతటికీ తనే దండోరా వేయించుకున్నాడు. అదీ ఆడగొంతుతో, మూడు వందల మీటర్ల ముందునుంచి.

ఈ ఆలోచనల్లో కాలు బరువెక్కింది. కాలు బరువెక్కితే ఏమవుతుందో మీకు తెలుసు. ఊళ్ళోకి ప్రవేశించాడు. యాభై దాటకూడని చోట అరవై ఆరు. పెట్టె ఏమీ అనలేదు. ఏమీ అనలేదు కాబట్టి దారిలో ఏమీ లేదని సెల్విన్ అనుకున్నాడు. డాట్ బేకరీ ముందునుంచి రివ్వున వెళ్ళాడు.

బేకరీ దగ్గర జన్మలో నోరెత్తొద్దని చెప్పింది తనే. పెట్టె మాట మీద నిలబడింది.

బేకరీ వెనకనుంచి మేరానియా వచ్చింది. ఒక చేతిలో రాడార్. ఇంకో చేతిలో పై. బండి ఆపించి, కిటికీ దగ్గరికొచ్చి, నోట్లోది నమిలి మింగేదాకా మర్యాదగా ఆగింది.

"సెల్విన్ గారూ, అరవై ఆరు."

"మేరానియా, అమ్మా, ఇవాళ నా మనసు బాలేదు."

"కనిపిస్తూనే ఉంది." ఆమె పుస్తకం తీసి రాసింది. "ఇరవై మార్కులు. అంతకుముందు ఎనభై ఉన్నాయి కదండీ?"

"ఉన్నాయి."

"అయితే నూటికి నూరు వచ్చేశాయి." ఆమె చూపు అద్దం మీది పెట్టె మీద పడింది. "ఇదుండి కూడా ఏమీ చెప్పలేదా?"

"చెప్పొద్దన్నాను," అన్నాడు సెల్విన్.

మేరానియాకి అర్థం కాలేదు. జాలిగా చూసింది. పై సగం విరిచి అతనికిచ్చింది.

బుధవారం ఆమే ఇంటికొచ్చి, మూడు నెలలు తోలకూడదన్న కాగితం చేతికిచ్చి, లైసెన్సు పట్టుకుపోయింది. సెల్విన్ వంటింటి బల్ల ముందు కూలబడ్డాడు. శనివారం నుంచీ నోలీన్ ఒక్క వెటకారం కూడా ఆడలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెడుతోంది. ఆమె గుడ్లు కొట్టి, చేపపిల్లలు వేసి, పెనం మీద అట్లు పోస్తోంది.

"అయిపోయింది," అన్నాడు సెల్విన్. "తాత చోటు పోయింది. లైసెన్సు పోయింది. ఈ ఏడు మనింటికి ఇంక చేపలు వచ్చినట్టే."

"వస్తాయిలే. తిను."

"ఎలా వస్తాయి? అక్కడ బెవన్ నిలబడ్డాడు!"

నోలీన్ అట్టు తిరగేసింది. "సెల్విన్, నువ్వు రోజుకి ఎన్ని బకెట్లు తెస్తావు?"

"ఒకటి. బాగుంటే."

"వారానికి ఏడు. ఫ్రీజర్లో ఎన్ని సంచులున్నాయో ఎప్పుడైనా చూశావా, ఊరికే దాని మీద కూర్చోవడం కాకుండా?"

సెల్విన్ నమలడం ఆపాడు.

"నువ్వు మిల్లుకి వెళ్ళాక నేను ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటాననుకున్నావా? పొద్దుటి పోటు ఎవరిదనుకున్నావు? తొమ్మిదేళ్ళయింది నా చోటుకి."

"నీకు... చోటా?"

"నీ చోటుకి కాస్త దిగువన. సముద్రం వైపు." ఆమె అట్టు పళ్ళెంలో వేసింది. "చేపలు ముందు నన్ను దాటి, తర్వాత నీ దగ్గరికి రావాలి. మిగిలినవి నీకొచ్చేవి. నువ్వు నొచ్చుకుంటావని చెప్పలేదు."

సెల్విన్ పళ్ళెంలోకి చూశాడు. ఆ అట్టు ఎవరి అట్టో ఇంక తెలిసే దారి లేదు.

"నా చోటు నీకు తెలుసా? తొమ్మిదేళ్ళుగా?"

"నీ సాక్సుల్లో ఏ బురద ఉంటుందో ఉతికేదానికి తెలియదా?"

"మరి బెవన్‌కి..."

"బెవన్‌కి ఎందుకు చెబుతాను? వాడు అక్కడికొస్తే రేపు నా దగ్గరికొస్తాడు." నోలీన్ పొయ్యి ఆర్పింది. "ఇప్పుడిక ఫర్వాలేదు. ఊరంతా నీ వంపు దగ్గర గుమిగూడి ఉంది. పదకొండుమంది ఒకళ్ళ వలలో ఒకళ్ళు పడుతున్నారు. నా వైపు కన్నెత్తి చూసేవాడు లేడు. ఎంత ఖర్చు పెట్టి చాటింపు వేయించినా ఇంత బాగా కుదరదు. లే, పోటు ఆరింటికి. బూట్లు తొడుక్కో."

సెల్విన్ చటుక్కున లేచాడు. ప్రాణం లేచొచ్చింది. చోటు పోతేనేం, అంతకన్నా మంచి చోటు ఇంట్లోనే ఉంది! దిగువ చోటు. సముద్రం వైపు. బూట్లు తొడుక్కుని, వల భుజాన వేసుకుని, నోలీన్ చిన్న కారులో పక్క సీట్లో కూర్చున్నాడు.

నోలీన్ వంటింట్లోంచి గళ్ళ తువ్వాలు తెచ్చింది.

"ఏంటది?"

"కళ్ళు మూసుకో."

"నోలీన్! నేను నీ మొగుణ్ణి!"

"బెవన్ నా తమ్ముడు. వాడికీ చెప్పలేదు." ఆమె తువ్వాలు కట్టి, వెనక ముడి బిగించింది. "నువ్వు మనుషులకి చెప్పవు, అది నిజమే. పెట్టెలకి చెబుతావు."

కారు కదిలింది. సెల్విన్ చూపు లేకపోయినా బుర్ర ఉందనుకుని మలుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఎడమ. కుడి. ఎడమ. తర్వాత కారు గుండ్రంగా తిరిగింది. మళ్ళీ తిరిగింది. పెట్రోలు బంకు చుట్టూ మూడుసార్లు తిప్పిందని తర్వాత ఎవరో చెప్పారు.

ఒకచోట కారు బాగా నెమ్మదించింది. వేడి పైల వాసన వచ్చింది.

"నమస్తే ఆంటీ," అంది మేరానియా గొంతు. "అంకుల్‌కి కళ్ళకి గంతలేంటి?"

"నూటికి నూరు వచ్చాయిగా," అంది నోలీన్. "సన్మానానికి తీసుకెళ్తున్నాను."